‘ఐదు నిమిషాలు’ అనకండి, పడవ ఎన్నింటికో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

సెలవులు దగ్గరపడగానే మీ పత్రికలో, ఆ మాటకొస్తే అన్ని పత్రికల్లోనూ, బోటింగ్ మీద ఒక రంగుల పేజీ వస్తుంది. పాపికొండలు, భవానీ ద్వీపం, నాగార్జునసాగర్ లాంచీ, లక్నవరం, ఫొటోలు చూస్తే వెంటనే బ్యాగు సర్దుకోవాలనిపిస్తుంది. టికెట్ ఎంత, భోజనం పెడతారా, ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలి, ఇవన్నీ రాస్తారు. పడవ ఎక్కడానికి మెట్లున్నాయా లేక చెక్క మీద నడవాలా, ఒకసారి ఎక్కితే మళ్ళీ ఎంతసేపటికి నేల మీద కాలు పెడతాం, మైకు పెట్టి పాటలు వేస్తారా, పిల్లల సైజు లైఫ్ జాకెట్ దొరుకుతుందా, ఇవి మాత్రం ఎప్పుడూ ఉండవు. చాలామందికి వీటితో పనిలేదు. మా ఇంట్లో మాత్రం బయలుదేరాలా వద్దా అనేది వీటి మీదే తేలుతుంది. అందుకే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైనా వేసుకోండి.

మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, ఆటిజం ఉంది. సొంతంగా మాట్లాడేది తక్కువ, విన్నది అప్పజెప్పడం ఎక్కువ, అందులోనూ రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్లంటే ప్రాణం. విజయవాడ స్టేషన్‌లో వినిపించేవన్నీ మూడు భాషల్లోనూ వాడి నోట వస్తాయి, ఏ బండి ఏ ప్లాట్‌ఫారమ్ మీదికి వస్తుందో మా వంటింట్లో మాకు రోజూ తెలుస్తూనే ఉంటుంది. నీళ్ళంటే కూడా చాలా ఇష్టం, బ్యారేజీ మీదుగా బస్సులో వెళ్తే కిటికీకి అతుక్కుపోతాడు. కింద పోయే పడవల్ని చూపిస్తూ అడగడం మొదలుపెట్టాక ఇంక తప్పదని మేం సిద్ధమయ్యాం. మా అత్తగారు మాత్రం జాతకంలో జలగండం ఉందేమో ముందు చూపించండి అన్నారు. ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు. 2017 నవంబరు 12, కార్తీక మాసం ఆదివారం, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర అనుమతి లేని ప్రైవేటు బోటు తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు, అది మా ఊరి పక్కనే. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది, అక్టోబరులో ధర్మాడి సత్యం గారి బృందం దాన్ని బయటికి లాగేదాకా మేమంతా టీవీల ముందే కూర్చున్నాం. భయపడేవాళ్ళని నేను తప్పుపట్టను. పైగా మా పిల్లల విషయంలో భయానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆటిజం ఉన్న పిల్లల్ని నీళ్ళు లాగుతాయి, లోతు ఎంత, ప్రమాదం ఎంత అన్నది చాలామందికి అందదు. అమెరికాలో మరణాల రికార్డులు పరిశీలించి కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు 2017లో చెప్పిందేమిటంటే, ఆటిజం ఉన్న చిన్నపిల్లలు నీళ్ళలో మునిగి చనిపోయే అవకాశం మిగతా పిల్లలకంటే 160 రెట్లు ఎక్కువ. అది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. అయితే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మూడూ ఊరి మధ్యలోంచి పారే విజయవాడలో ఉంటూ పిల్లాడికి నీళ్ళు చూపించకుండా పెంచుతామంటే అయ్యే పని కాదు. నీళ్ళ దగ్గర ఎలా ఉండాలో నేర్పడం ఒక్కటే దారి, ఈత నేర్పించడం కూడా అందులో భాగమే, జాకెట్ ఉందిగా అని ఈత మానేయకూడదు.

ఇంక తయారీ గురించి చెప్తాను, ఎందుకంటే ఇలాంటి పిల్లలున్న వాళ్ళు చాలామంది అసలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మానేస్తున్నారు.

మామూలు పిల్లలకి సర్‌ప్రైజ్ ఇస్తే ఎగిరి గంతేస్తారు. మా పిల్లలకి సర్‌ప్రైజ్ అంటే శిక్ష. ఏం జరగబోతోందో ముందే తెలియాలి, వరసగా తెలియాలి, తెలిసింది తెలిసినట్టు జరగాలి. దీనికి సోషల్ స్టోరీ అని ఒక పద్ధతి ఉంది, 1990ల మొదట్లో అమెరికాలో కేరల్ గ్రే అనే టీచరమ్మ మొదలుపెట్టింది, ఇప్పుడు మన థెరపీ సెంటర్లలో కూడా వాడుతున్నారు. పెద్ద విద్యేం కాదు. పిల్లాడు వెళ్ళబోయే చోటు గురించి చిన్న చిన్న వాక్యాలతో, ఫొటోలతో ఒక పుస్తకం తయారుచేయడం. ‘అలా చెయ్యకు, ఇలా ఉండు’ అనే ఆర్డర్లు తక్కువ, ‘అక్కడ ఇలా ఉంటుంది’ అనే మాటలు ఎక్కువ ఉండాలి, అదే దాని కిటుకు. వాళ్ళ నాన్న ఒక్కరే ముందుగా రేవుకి వెళ్ళి ఫోన్‌లో ఫొటోలు తీసుకొచ్చారు. టికెట్ కౌంటర్, కూర్చునే బెంచీలు, జాకెట్లు వేలాడదీసిన తాడు, ఒడ్డుకీ పడవకీ మధ్య చెక్క, పడవలో సీటు, ఇంజన్, సరంగు కూర్చునే చోటు. ఇంజన్ శబ్దం, హారన్ విడిగా రికార్డు చేశారు. ఆ ఫొటోల కింద నేను రాసినవి ఇలాంటివి: ‘పడవ కొంచెం ఊగుతుంది. నీళ్ళ మీద ఏదైనా ఊగుతుంది.’ ‘హారన్ గట్టిగా మోగుతుంది. చెవులకి మఫ్ పెట్టుకోవచ్చు.’ ‘ముందు జాకెట్, తర్వాత పడవ.’ ఇవన్నీ మామూలుగా చదివితే వాడు పెద్దగా పట్టించుకోలేదు. వాళ్ళక్కకి ఒక ఐడియా వచ్చి మొత్తం పుస్తకాన్ని స్టేషన్ అనౌన్స్‌మెంట్ గొంతుతో చదివింది, ‘దయచేసి వినండి, పడవ మరికొద్దిసేపట్లో బయలుదేరును’ అని. అంతే, మర్నాటికి వాడికి కంఠతా వచ్చేసింది. పిల్లాడికి దేని మీద పిచ్చి ఉంటే దాని మీద ఎక్కించి చెప్పండి, ఏ పుస్తకంలో ఏముందన్నది తర్వాత.

ఆ పుస్తకంలో మూడు పేజీలు చాలామంది మర్చిపోతారు. ఒకటి, ఎదురుచూసే పేజీ. ‘ఒక్కోసారి పడవ ఆలస్యంగా వస్తుంది. అప్పుడు బెంచీ మీద కూర్చుని జంతికలు తింటాం.’ రెండోది, పడవ లేని పేజీ. పైనుంచి వరద వచ్చినా, గాలి ఎక్కువైనా బోటింగ్ ఆపేస్తారు, ఆపాలి కూడా. మూసిన గేటు ఫొటో పెట్టి ‘ఈరోజు పడవ లేదు, పార్కుకి వెళ్తాం’ అని రాసి ఉంచుకోవాలి. మూడోది, అన్నిటికంటే ముఖ్యం, దిగే పేజీ. ఎక్కించడం గురించే మనకి టెన్షన్ అంతా, దిగడం గురించి ఎవరూ ఆలోచించరు. మంచి ఊపులో ఉన్న పిల్లాణ్ణి అయిపోయింది పద అని లాగితే ఆ చెక్క మీద, ఆ సందు మధ్యలో, కింద నీళ్ళు, అక్కడ మొండికేస్తే ఎంత ప్రమాదమో ఊహించండి. ‘పడవ ఆగుతుంది. తాడు కడతారు. సరంగు చెయ్యి ఊపుతాడు. అప్పుడు లేస్తాం. ఆటో ఎక్కి ఇంటికి వెళ్తాం.’ ఆటో ఫొటో కూడా పెట్టాం, ఎందుకంటే దిగాక ఏముందో తెలిస్తేనే దిగుతారు.

లైఫ్ జాకెట్ సంగతి. వీలైతే సొంతంగా ఒకటి కొనుక్కోండి, వయసుని బట్టి కాదు బరువుని బట్టి. రేవులో ఇచ్చేవి చాలాసార్లు తడిగా ఉంటాయి, ముందు వేసుకున్నవాళ్ళ చెమట వాసన వస్తుంది, మనకే ముక్కు మూసుకోవాలనిపిస్తుంది, వాసనలు తట్టుకోలేని పిల్లాడి సంగతి చెప్పక్కర్లేదు. వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి, గడ్డం దాటి చెవుల దాకా వచ్చేస్తే అది సరిపోనట్టే, నీళ్ళలో పడితే పిల్లాడు కిందికి జారిపోతాడు, జాకెట్ మాత్రం తేలుతుంది. కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నవి పిల్లలకి మంచివి. మేం దాన్ని కొన్నాక మొదట సోఫా మీద పడేసి వదిలేశాం, తర్వాత వాడే ముట్టుకున్నాడు, తర్వాత వీడియో చూసేటప్పుడు కాసేపు, తర్వాత అన్నం తినేటప్పుడు. బిగుతుగా ఒత్తినట్టుండే బట్టలు మావాడికి హాయి, అందుకని అలవాటయ్యాక విప్పమంటేనే గొడవ. కొందరు పిల్లలకి సరిగ్గా దీనికి ఉల్టా, బకిల్ టక్కుమంటేనే భరించలేరు, వాళ్ళకి ఇంకా నెమ్మదిగా చెయ్యాలి. ఊగడానికి ఉయ్యాల, చెక్క మీద నడవడానికి పార్కులో సిమెంటు గట్టు, అవేం కష్టం కాలేదు.

మొదటిసారికి పాపికొండలు పెట్టుకోకండి. పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా దిగే దారి ఉండదు, పైగా చాలా బోట్లలో పెద్ద పెద్ద స్పీకర్లతో డాన్సులుంటాయి. హైదరాబాద్ వాళ్ళకి లుంబినీ పార్కు నుంచి బుద్ధ విగ్రహం దాకా వెళ్ళే బోటు మంచిది, కొద్ది నిమిషాలే, ఎక్కడికి పోతున్నామో కళ్ళెదురుగా నిలబడి కనిపిస్తుంది, అటు చేరాక దిగి కాసేపు నేల మీద ఉండొచ్చు. గమ్యం కనపడటం ఈ పిల్లలకి ఎంత ధైర్యమో. కార్తీక మాసంలో వనభోజనాల ఆదివారాలు అస్సలు వద్దు. మామూలు రోజు, పొద్దున మొదటి బోటు, ఎండ ముదరకముందే. పెరుగన్నం, నీళ్ళు, టోపీ, చెవి మఫ్‌లు, మాటలు రాని పిల్లలైతే ‘ఆపు’, ‘బాత్రూమ్’, ‘ఇంటికి’ అనే కార్డులు మెళ్ళో వేసి తీసుకెళ్ళండి.

ఇంతవరకూ మా వంతు. ఇప్పుడు రేవు వంతు చెప్తాను. ఏ రేవో పేరు రాయను, తెలిసినవాళ్ళు చెప్పేది వింటుంటే ఎక్కడికి వెళ్ళినా కథ ఇంచుమించు ఇదే.

ముందు కౌంటర్‌లో. పిల్లాడి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చేది, చూపించి, క్యూలో ఎక్కువసేపు నిలబడలేడు, కొంచెం ముందు పంపిస్తారా అని అడిగాను. అతను తల పైకెత్తి మావాణ్ణి చూసి, ‘చూడ్డానికి బాగానే ఉన్నాడుగా మేడమ్’ అన్నాడు. వీల్‌చైర్ ఉంటేనే వికలాంగులని మనవాళ్ళ లెక్క. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, సర్టిఫికెట్ ఇవ్వడానికి మన సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థలోనే తయారైన కొలమానం ఉంది, నలభై అంశాలు ఒక్కొక్కటీ చూసి మార్కులేస్తారు. అవన్నీ దాటి తెచ్చుకున్న కార్డుని కౌంటర్‌లో ఒక్క చూపుతో కొట్టేస్తే ఒళ్ళు మండుతుంది.

తర్వాత అసలు సంగతి. పడవ ఎప్పుడు అంటే ‘ఐదు నిమిషాలు’. పదిహేను నిమిషాలయ్యాక అడిగితే మళ్ళీ ‘ఐదు నిమిషాలు’. అంటే సీట్లు నిండేదాకా అని అర్థం. మన రేవుల్లో, మన ఆఫీసుల్లో, మన పెళ్ళిళ్ళలో ఐదు నిమిషాలంటే ఐదు నిమిషాలు కాదని మనందరికీ తెలుసు, అనేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. మావాడికి తెలియదు. వాడు గడియారం చూస్తాడు. ఐదు అయ్యాక లేచి నిలబడతాడు, ఇంకా ఎందుకు కదల్లేదో అర్థం కాక చెవులు మూసుకుని అరుస్తాడు. అప్పుడు చుట్టూ ఉన్న నలుగురూ ‘పిల్లాణ్ణి అదుపులో పెట్టుకోలేరా’ అంటారు. ఇంట్లో మేం చేసిన కసరత్తంతా ఆ ఒక్క మాటతో నీళ్ళపాలు. ఇరవై నిమిషాలు పడుతుందని చెప్పండి, పార్కులో ఒక చుట్టు తిరిగొస్తాం. ఇంకో పది మంది వస్తే కానీ కదలదని చెప్పండి, వాడు మనుషుల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు, నిజానికి అది వాడికి చాలా ఇష్టమైన పని. ఆలస్యం మాకు పెద్ద బాధేం కాదు. చెప్పింది ఒకటి, జరిగేది ఒకటి అయితే మాత్రం వాడు తట్టుకోలేడు.

ఆ రోజు మమ్మల్ని గట్టెక్కించింది సరంగు. పెద్దాయన. అరుపులు విని పడవలోంచి దిగొచ్చి, వాణ్ణి ముట్టుకోకుండా, బుజ్జగించకుండా, వాడి చేతి గడియారం వైపు వేలు చూపించి, ‘పెద్ద ముల్లు ఎనిమిది మీదికి రాగానే బయల్దేరతాం నాన్నా’ అన్నాడు. ఎనిమిది మీదికి రాగానే తాడు విప్పాడు, రెండు మూడు సీట్లు ఖాళీగా ఉన్నా సరే. హారన్ కొట్టే ముందు నాకు సైగ చేయమంటే చేశాడు. ఆయనకి ఆటిజం గురించి ఎవరూ ట్రైనింగ్ ఇచ్చి ఉండరు, అడిగితే ‘మా అన్న కొడుకు కూడా ఇంతేనమ్మా’ అన్నాడు.

పడవలో ఇంకో తమాషా. మా పుస్తకంలో ‘పడవలో అందరూ జాకెట్ వేసుకుంటారు’ అని ఒక వాక్యం ఉంది. ఒడ్డు దాటిన కాసేపటికే సెల్ఫీల కోసం ఒక్కొక్కరే జాకెట్ విప్పి ఒళ్ళో పెట్టుకోవడం మొదలుపెట్టారు. మావాడు ఒక్కొక్కరి ముందుకీ వేలు చాచి ‘ముందు జాకెట్, తర్వాత పడవ’ అని అనౌన్స్‌మెంట్ గొంతుతో మొదలుపెట్టాడు. ఆపలేదు. మొదట నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, చివరికి ఒకాయన వేసుకున్నాడు, ఆయన్ని చూసి పక్కవాళ్ళు. రెండు పెద్ద ప్రమాదాలు చూసిన రాష్ట్రంలో ఈ మాట చెప్పాల్సింది తొమ్మిదేళ్ళ పిల్లాడా? 1917 నాటి పాత చట్టం తీసేసి 2021లో కొత్తగా ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం తెచ్చారు, నియమాలకేం లోటు లేదు, నడి నదిలో అవి ఒళ్ళోకి వచ్చేస్తున్నాయి.

మేం కోరేవి ఖర్చుతో కూడినవి కావు. రేవులో ఒక బోర్డు మీద తర్వాతి బోటు ఎన్నింటికో చాక్‌పీస్‌తో రాయండి, ఆలస్యమైతే తుడిచి మళ్ళీ రాయండి. వారంలో ఒక్క రోజు పొద్దున మొదటి బోటు పాటలు లేకుండా నడపండి, మా పిల్లలకే కాదు, వయసైనవాళ్ళకీ ఆ నిశ్శబ్దం నచ్చుతుంది. ఎక్కే చెక్కకి పక్కన పట్టుకోవడానికి ఒక తాడైనా కట్టండి. రేవు ఫొటోలు, పడవ లోపలి ఫొటోలు, పర్యాటక శాఖ వెబ్‌సైట్‌లో పెడితే నాలాంటి తల్లులు వాటితోనే పుస్తకం చేసుకుంటారు, మా ఆయన లాగా ఒక పూట సెలవు పెట్టుకుని వెళ్ళక్కర్లేదు. లండన్ దగ్గర గాట్విక్ ఎయిర్‌పోర్టులో 2016లో పొద్దుతిరుగుడు పువ్వుల పట్టీ మొదలుపెట్టారు, అది మెళ్ళో ఉంటే పైకి కనపడని ఇబ్బంది ఏదో ఉందని సిబ్బందికి అర్థమవుతుంది, మన పక్కనే బెంగళూరు ఎయిర్‌పోర్టుకీ వచ్చింది. విమానం ఎక్కేవాళ్ళకి ఉన్నది పడవ ఎక్కేవాళ్ళకి ఎందుకు ఉండకూడదు? 2016 చట్టం 29వ సెక్షన్ వినోదం గురించే మాట్లాడుతుంది, క్యాంపులు, సాహస క్రీడల్లో దివ్యాంగులు పాల్గొనేలా చూడాలని ప్రభుత్వాలకి చెప్తుంది. చికిత్స, పెన్షన్ దాటి ఈ పిల్లలకి సరదా కూడా కావాలని చట్టం రాసినవాళ్ళకి తట్టింది, సంతోషం. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, ఘాట్‌ల మీద ఎలాగూ డబ్బు ఖర్చుపెడతారు, ఆ ప్లాన్లు గీసేటప్పుడు ఇలాంటి పిల్లల తల్లిదండ్రులని ఒక్కసారి పిలిచి అడగండి.

తోటి తల్లిదండ్రులకి ఒక జాగ్రత్త. పడవ బాగా నచ్చితే అసలు అప్రమత్తంగా ఉండాల్సింది ఆ తర్వాతే. చెప్పకుండా గుమ్మం దాటి నీళ్ళ వైపు నడిచే పిల్లలు వీళ్ళలో చాలామంది. గేటుకి పైన గడియ పెట్టించాం, వీధిలో కిరాణా కొట్టతనికీ, ఆటో స్టాండు వాళ్ళకీ వాణ్ణి చూపించి, ఒంటరిగా కనపడితే ఆపి ఫోన్ చెయ్యమని చెప్పి ఉంచాం. ఎప్పుడైనా కనపడకపోతే ముందు చుట్టాలిళ్ళు కాదు, కాలువ గట్టు వెతకాలి.

సంపాదకులు గారూ, మీ విలేకరి ఈసారి బోటింగ్ పేజీ రాసేటప్పుడు నేను మొదట్లో అడిగిన నాలుగు ప్రశ్నలూ రేవులో అడిగి జవాబులు వెయ్యండి. చలికాలంలో నాగార్జునకొండకి వెళ్దామని అనుకుంటున్నాం, సాగర్ నుంచి లాంచీలో గంట దాకా పడుతుందంటున్నారు. ఆ లాంచీలో బాత్రూమ్ ఉందా, పైన డెక్‌కి పిల్లలు దాటలేని ఎత్తున రెయిలింగ్ ఉందా, కొండ మీద దిగాక తిరుగు లాంచీ ఎన్నింటికి, ఈమధ్య వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఈ శీర్షికలోనే రాస్తే ఆ పేజీలు ఇప్పట్నుంచే మొదలుపెడతాను.

ఇట్లు,
ఒక తల్లి,
విజయవాడ.